మట్టిని అమ్మిన కాగితం: జోసయా వెడ్జ్‌వుడ్ కథ

టెక్ ఫెస్ట్ దగ్గర పడిందంటే మన దగ్గర మొదట మొదలయ్యే గొడవ బ్రోచర్ గురించే. ఏ రంగు వేయాలి, ఏ ఫాంట్ పెట్టాలి, స్పాన్సర్ లోగో ఎక్కడ ఉండాలి అని రాత్రంతా చర్చలు. ఆ కాగితం ఎవరి చేతికి వెళ్తుంది, చదివాక వాళ్లు ఏం చేయాలి అనే ప్రశ్న మాత్రం చివర్లో వస్తుంది, కొన్నిసార్లు అసలు రాదు. ఈ ప్రశ్నతోనే పని మొదలుపెట్టిన ఒక మనిషి సుమారు 250 ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లో ఉన్నాడు. ఆయన మార్కెటింగ్ చదువుకోలేదు. ఆ మాటటుంచి, తొమ్మిదేళ్ల తర్వాత ఆయన బడికి వెళ్లింది కూడా పెద్దగా లేదు. వృత్తి కుమ్మరం. పేరు జోసయా వెడ్జ్‌వుడ్.

బురద దారుల ఊరు

వెడ్జ్‌వుడ్ 1730లో స్టాఫర్డ్‌షైర్‌లోని బర్స్‌లెమ్ అనే ఊళ్లో పుట్టాడు. పెద్ద కుటుంబంలో అందరికంటే చిన్నవాడు. తాతలనాటి నుంచి కుమ్మరి పనే. ఆ ఊళ్లో మట్టికి, బొగ్గుకి కొదవ లేదు కానీ సరైన రోడ్డు లేదు. చేసిన కుండల్ని గుర్రాల మీద వేసుకుని గుంతల దారిలో తీసుకెళ్తే, సగం సరుకు ఊరు దాటక ముందే పగిలిపోయేది.

తొమ్మిదేళ్ల వయసులో తండ్రి పోయాడు. కొన్నాళ్లకే మశూచి వచ్చింది. ప్రాణం దక్కింది కానీ కుడి మోకాలు దెబ్బతింది. 1744లో అన్న దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. కుమ్మరికి సారె ముందు గంటల తరబడి కూర్చుని పని చేసే శక్తి ఉండాలి, ఆ కాలితో అది కష్టమైంది. అందుకే అతని ధ్యాస మెల్లగా సారె మీద నుంచి మట్టి మీదకి, గ్లేజు మీదకి మళ్లింది. ఏ మట్టిలో ఏది ఎంత కలిపితే, ఎంత వేడిలో కాలిస్తే ఏమవుతుంది? ఈ కుతూహలం చివరిదాకా పోలేదు.

1754లో థామస్ వీల్డన్ అనే పేరున్న కుమ్మరితో భాగస్వామ్యం కుదిరింది. అక్కడ ఉండగానే 1759లో ప్రయోగాల పుస్తకం మొదలుపెట్టాడు. ప్రతి ప్రయోగానికి ఒక నంబరు, పాళ్లు, బట్టీలో ఎక్కడ పెట్టాడు, ఫలితం ఏంటి అని రాసుకునేవాడు. ఎవరైనా దొంగిలించినా అర్థం కాకుండా పదార్థాల పేర్లకు సంకేతాలు వాడేవాడు. మన ల్యాబ్ రికార్డుల్లా ముందు రోజు రాత్రి కాపీ కొట్టినవి కావవి. ఒక ప్రయోగం పాడైతే, ఎందుకు పాడైందో కూడా అందులో ఉండేది. అదే ఏడాది బర్స్‌లెమ్‌లో సొంత పని పెట్టుకున్నాడు.

మోకాలి దెబ్బ తెచ్చిన స్నేహం

1762లో పని మీద లివర్‌పూల్ వెళ్తూ దారిలో మళ్లీ అదే మోకాలికి దెబ్బ తగిలించుకున్నాడు. అక్కడ మంచం మీద ఉన్నప్పుడు వైద్యం చేసిన డాక్టరు ఒక స్నేహితుణ్ణి పరిచయం చేశాడు. ఆయనే థామస్ బెంట్లీ, లివర్‌పూల్ వర్తకుడు. బాగా చదువుకున్నవాడు, ఫ్రెంచ్, ఇటాలియన్ వచ్చు, గ్రీకు రోమన్ కళల మీద అభిరుచి ఉంది, పెద్దింటివాళ్లతో ఎలా మాట్లాడాలో తెలుసు. వెడ్జ్‌వుడ్‌కి మట్టి తెలుసు, బెంట్లీకి మనుషులు తెలుసు. ఆ తర్వాత ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరాల్లో వెడ్జ్‌వుడ్ రాసినవి చాలావరకు మిగిలాయి, బెంట్లీ రాసినవి చాలావరకు పోయాయి. ఆయన వ్యాపార ఆలోచనలు మనకి ఇంత వివరంగా తెలుస్తున్నాయంటే ఆ ఉత్తరాల పుణ్యమే.

1765లో షార్లెట్ రాణి కోసం ఒక టీ సెట్ ఆర్డరు స్టాఫర్డ్‌షైర్‌కి వచ్చింది. కష్టమైన పని, వెడ్జ్‌వుడ్ ఒప్పుకుని చేసి పంపాడు. రాణికి నచ్చింది. మరుసటి ఏడు రాణిగారి కుమ్మరి అనే బిరుదు వచ్చింది. ఇక్కడ ఆయన చేసిన చిన్న పని గమనించండి. అప్పటిదాకా మీగడ రంగు సరుకు అని పిలుచుకునే తన పాత్రలకు క్వీన్స్ వేర్ అని పేరు మార్చేశాడు. మట్టి అదే, గ్లేజు అదే. పేరు మారాక మాత్రం, ఆ పళ్లెంలో తినే ప్రతి ఇల్లాలికీ రాణి భోజనంలో కొంచెం వాటా దొరికినట్టయింది. రాణి కొన్నదన్న మాట అబద్ధం కాదు కాబట్టి ఆ పేరు నిలబడింది.

ఇంకోపక్క రవాణా సమస్య. ట్రెంట్, మెర్సీ నదుల్ని కలిపే కాలువ కోసం ఊరూరా తిరిగి మద్దతు కూడగట్టాడు. కరపత్రాలు వేయించడంలో కూడా ఆయన, బెంట్లీ ముందున్నారు. 1766లో ఆ కాలువకి మొదటి పార మట్టి తవ్వింది వెడ్జ్‌వుడ్డే. పని పూర్తయ్యేసరికి 1777 వచ్చింది.

1768లో ఆ కుడికాలు ఇక పనికిరాదని తేలింది. మత్తుమందు లేని కాలం. మోకాలి పైన కాలు తీసేయించుకుని, కొద్ది వారాల్లోనే మళ్లీ పనిలో పడ్డాడు. ఆ తర్వాత జీవితమంతా చెక్కకాలుతోనే. ఫ్యాక్టరీలో తిరుగుతూ నాసిరకం పాత్ర కనబడితే ఆ కర్రకాలితోనే పగలగొట్టేవాడని కథలు చెబుతారు.

1769లో బెంట్లీతో కలిసి కొత్త ఫ్యాక్టరీ తెరిచాడు. దానికి ఎట్రూరియా అని పేరు పెట్టాడు. అప్పట్లో ఇటలీ తవ్వకాల్లో దొరికిన పాత పూలకుండీలు ఎట్రస్కన్లవి అనుకునేవారు, నిజానికి చాలావరకు గ్రీకులవి. పేరులో పొరపాటు ఉన్నా ఫ్యాషన్ అదే కాబట్టి పేరు అతికింది. మొదటి రోజు బెంట్లీ చక్రం తిప్పుతుంటే వెడ్జ్‌వుడ్ స్వయంగా ఆరు కుండీలు చేశాడు.

గోదాము నిండింది, గల్లాపెట్టె నిండలేదు

ఇంతవరకు చదివితే అంతా విజయమే అనిపిస్తుంది. 1772లో పరిస్థితి వేరు. ఆ ఏడాది బ్రిటన్‌లో బ్యాంకులు కుప్పకూలాయి, అప్పు పుట్టడం కష్టమైంది. లండన్‌లో పూలకుండీల మోజు తగ్గుతోంది. ఎట్రూరియాలో అమ్ముడుపోని సరుకు పేరుకుపోయింది. చేతిలో డబ్బు లేదు. ఫ్యాక్టరీ ఆగిపోతే వందలమంది పనివాళ్లు రోడ్డున పడతారు.

ఇలాంటప్పుడు చాలామంది ధర తగ్గిస్తారు, లేదా దొరికిన చోటల్లా ప్రకటనలు వేస్తారు. వెడ్జ్‌వుడ్ ముందు లెక్కల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఒక్కో పూలకుండీకి మట్టికి ఎంత, కూలికి ఎంత, బొగ్గుకి ఎంత, అచ్చులకి ఎంత, అద్దెకి ఎంత అని విడివిడిగా రాశాడు. అలా రాస్తుంటే రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, లండన్ ఆఫీసులో గుమాస్తా డబ్బు కాజేస్తున్నాడు. రెండోది అంతకంటే ముఖ్యమైనది. కొన్ని ఖర్చులు సరుకు ఎంత చేస్తే అంత పెరుగుతాయి. కానీ అచ్చులు, నమూనాలు తయారుచేసే ఖర్చు, అద్దె, గుమాస్తాల జీతాలు ఇవన్నీ పది చేసినా వెయ్యి చేసినా గడియారంలా నడుస్తూనే ఉంటాయి. మన ఎకనామిక్స్ పేపర్లో ఫిక్స్‌డ్ కాస్ట్, వేరియబుల్ కాస్ట్ అని రెండు మార్కుల ప్రశ్న వస్తుంది కదా, ఆయన దాన్ని అప్పుల మధ్య కూర్చుని సొంతంగా కనిపెట్టుకున్నాడు.

దాని నుంచి వచ్చే నిర్ణయం సూటిగా ఉంది. ఒకసారి అచ్చు చేశాక దానితో ఎన్ని ఎక్కువ పాత్రలు చేస్తే ఒక్కోదానిపై పడే భారం అంత తగ్గుతుంది. అంటే రోజుకో కొత్త డిజైన్ చేయడం కంటే, ఉన్న డిజైన్‌ని ఎక్కువమందికి అమ్మాలి. ఎక్కువమంది అంటే లండన్ ఒక్కటే చాలదు. బాత్, డబ్లిన్, పారిస్, జర్మనీ, రష్యా. అక్కడివాళ్లు షోరూముకి రాలేరు. షోరూమే వాళ్ల దగ్గరకు వెళ్లాలి. అది వెళ్లే దారి కాగితం.

కేటలాగ్ పుట్టింది

దీనికి ముందే ఒక సాహసం జరిగింది. 1771, 72లో జర్మన్ రాజకుటుంబాలకు, జమీందార్లకు ఎవరూ అడగకుండానే వెయ్యి పార్సిళ్లు పంపారు. ఒక్కోదాంట్లో 20 పౌండ్ల సరుకు, ఒక పరిచయపత్రం, ఒక బిల్లు. మొత్తం 20,000 పౌండ్ల విలువ. డబ్బు తిరిగి రాకపోతే కంపెనీ మునిగేదే. చాలామంది డబ్బు పంపారు. కానీ ప్రతిసారీ సరుకునే పంపి అదృష్టం పరీక్షించుకోలేం. సరుకు బదులు సరుకు బొమ్మ పంపితే?

1773లో అలంకరణ వస్తువుల కేటలాగ్ వచ్చింది. 1774లో క్వీన్స్ వేర్ కేటలాగ్, రాగి పలకల మీద చెక్కి అచ్చేసిన బొమ్మలతో. వీటిని ఈ రోజు బ్రోచర్ తయారుచేసే మన కళ్లతో చూస్తే, ఒక్కో నిర్ణయం వెనక ఉన్న ఆలోచన కనబడుతుంది.

మొదటిది, వర్గీకరణ. అలంకరణ వస్తువుల కేటలాగ్‌ని తరగతులుగా విడగొట్టారు. ఉంగరాల్లో పొదిగే చిన్న బొమ్మలు ఒక తరగతి, పతకాలు ఇంకోటి, రాజులు, పోపులు, కవుల ముఖాలు వేరే, కుండీలు వేరే. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాడికి రోమన్ చక్రవర్తుల వరస మొత్తం కనబడుతుంది. ఒకటి కొన్నవాడికి మిగతావి లేవన్న వెలితి కూడా అక్కడే మొదలవుతుంది. మనం పిల్లలప్పుడు క్రికెట్ కార్డులు పోగేసినట్టే.

రెండోది, నంబరు. బొమ్మ పక్కన నంబరు, ఆ నంబరుకి వివరణ, ఏ సైజుల్లో దొరుకుతుందో అంగుళాల్లో. ఎక్కడో దూరదేశంలో ఉన్న మనిషి ఫలానా ఆకారం, ఫలానా సైజు, రెండు డజన్లు అని రాస్తే చాలు, ఎట్రూరియాలో పనివాడికి అర్థమైపోతుంది. ఇది అందం కోసం చేసింది కాదు. ఆర్డరులో తప్పు దొర్లితే పాత్ర సముద్రం దాటి వెనక్కి రావాలి. ఇంకో సంగతి, నంబరుతో ఆర్డరు వచ్చిందంటే ఆ సరుకు ప్రతిసారీ బొమ్మలో ఉన్నట్టే ఉండాలి. అంటే కేటలాగ్ వేసినవాడు ఫ్యాక్టరీలో నాణ్యతను కూడా కట్టడి చేయాలి. ఎట్రూరియాలో పనిని భాగాలుగా విడగొట్టడం, గంట కొట్టి హాజరు వేయడం, ఆలస్యానికి జరిమానా ఇవన్నీ దీంతో ముడిపడినవే. తాతల కాలం నుంచి తమకి నచ్చిన వేళకు పని చేసుకునే కుమ్మరులకు ఆ క్రమశిక్షణ చేదుగానే ఉండేది.

మూడోది, భాష. ఇంగ్లీషుతో ఆగకుండా ఫ్రెంచ్, డచ్, జర్మన్ భాషల్లో కూడా కేటలాగులు వేయించారు. కొనేవాడికి మన భాష రావాలని ఎదురుచూడకుండా, కొనేవాడి భాషలోకి మనం వెళ్లాలన్నది లెక్క.

నాలుగోది, ధర గురించి ధైర్యం. తమ సరుకు చౌక అని ఎక్కడా చెప్పుకోలేదు. పైగా, పనితనంలో పోటీ పడాలి గానీ చౌకదనంలో పోటీ పడితే ఆ కళే నాశనమవుతుందని కేటలాగులోనే కొనేవాళ్లకు వివరించారు. ధర ఎక్కువ అన్న అభ్యంతరం వస్తుందని తెలిసి, వాళ్లు అడగకముందే జవాబు ముద్రించారు.

ఐదోది, కొనేవాడి భయం. చూడకుండా కొనాలంటే ఎవరికైనా భయమే. దారిలో పగిలితే? నచ్చకపోతే? పగిలిన వాటికి బదులు ఇస్తామని, నచ్చకపోతే డబ్బు వాపసు ఇస్తామని ఆయన అప్పట్లోనే హామీ ఇచ్చాడు. ఈ రోజు ఆన్‌లైన్‌లో మనం రిటర్న్ పాలసీ చూశాకే బటన్ నొక్కుతాం కదా, అదే విషయం.

ఇందులో పెద్ద ప్రమాదం కూడా ఉంది. కేటలాగ్ వేయడమంటే మన డిజైన్లన్నీ పోటీదారుల చేతిలో పెట్టడమే. వెడ్జ్‌వుడ్ జీవితంలో ఒక్క పేటెంటే తీసుకున్నాడు, అది 1769లో కుండీల మీద ఒక రకం చిత్రాలు వేసే పద్ధతికి. దాని మీద ఇంకో కుమ్మరితో తగాదా పడి విసిగిపోయాడు. ఆ తర్వాత కాపీ కొడతారన్న భయంతో దాచుకోవడం కంటే, వాళ్లకంటే ఒక అడుగు ముందుండటం మేలని తేల్చుకున్నాడు. తన పేరుని ప్రతి పాత్ర అడుగున అచ్చు గుద్దించాడు. ఆకారం కాపీ చేయొచ్చు, పేరు చేయలేరు. అనుకున్నట్టే 1783లో లీడ్స్‌లోని కుండల కంపెనీ కూడా బొమ్మల పుస్తకం వేసింది. బొమ్మల కేటలాగ్ ఆ వృత్తి మొత్తానికీ అలవాటైపోయింది.

కప్ప బొమ్మ, 952 పాత్రలు

కాగితం ఒక్కటే పని చేయదని కూడా ఆయనకి తెలుసు. రష్యా మహారాణి కేథరిన్ ఒక పెద్ద భోజనాల సెట్ అడిగింది. మొత్తం 952 పాత్రలు, వాటి మీద ఇంగ్లండ్ కోటలు, తోటలు, చెరువుల దృశ్యాలు వెయ్యికి పైగా. ఆ భవనం ఉన్న చోటుకి కప్పల చిత్తడి అని పేరు, అందుకని ప్రతి పాత్ర మీదా ఒక ఆకుపచ్చ కప్ప. వచ్చింది దాదాపు 2,700 పౌండ్లు, ఖర్చు కూడా ఇంచుమించు అంతే. లాభం లేని పనిలా కనబడుతుంది.

కానీ రష్యాకు పంపే ముందు, 1774లో లండన్ గ్రీక్ స్ట్రీట్‌లో అప్పుడే తెరిచిన కొత్త షోరూములో ఆ సెట్‌ని ప్రదర్శనకు పెట్టారు. లోపలికి వెళ్లాలంటే టికెట్ ఉండాలి. షార్లెట్ రాణి వచ్చి చూసింది. ఆ పాత్రల మీద ఎవరి కోట బొమ్మ ఉందో వాళ్లంతా వచ్చారు, వాళ్ల చుట్టాలూ వచ్చారు. వచ్చినవాళ్లు ఉత్త చేతుల్తో పోరు కదా. షోరూములో భోజనానికి సిద్ధం చేసినట్టు బల్లల మీద పాత్రలు సర్దడం, ఆ అమరికని తరచూ మార్చడం ఆయన ముందే ఆలోచించి పెట్టిన పద్ధతి. నిన్న వచ్చినవాళ్లు రేపు మళ్లీ రావాలి. కేటలాగ్ ఊళ్లు తిరుగుతుంటే, షోరూము ఊళ్లని తన దగ్గరకు రప్పించింది. కొన్నేళ్లకు నమూనాల పెట్టెలతో ఊరూరా తిరిగే సేల్స్‌మెన్‌ని కూడా పెట్టుకున్నాడు.

ఇంత అమ్మకం గోలలో కూడా ప్రయోగాల పుస్తకం మూతపడలేదు. వేల ప్రయోగాల తర్వాత 1770ల మధ్యలో జాస్పర్ అనే కొత్త రకం మట్టి సాధించాడు. లేత నీలం నేల మీద తెల్లటి బొమ్మలు ఉంటాయి చూడండి, అది. బేరియం ఖనిజం వాడటం దాని రహస్యం. బట్టీ లోపలి వేడిని కొలిచే సాధనం లేదని, వేడికి మట్టిముక్క ఎంత కుంచించుకుపోతుందో దాన్ని బట్టి కొలిచే పైరోమీటర్ తయారుచేశాడు. దానికి 1783లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. బెంట్లీ మాత్రం ఆ గౌరవం చూడలేదు, 1780లోనే చనిపోయాడు.

అమ్మకానికి కానిది

1787లో లండన్‌లో బానిస వ్యాపారాన్ని రద్దు చేయించడానికి ఒక సంఘం ఏర్పడింది. వెడ్జ్‌వుడ్ అందులో సభ్యుడు. సంఘం ముద్ర కోసం ఒక బొమ్మ అనుకున్నారు. సంకెళ్లతో మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించిన ఒక నల్లజాతి మనిషి, చుట్టూ తాను కూడా మనిషినే, సోదరుణ్ణే కదా అని అడిగే ఒక్క ప్రశ్న. వెడ్జ్‌వుడ్ దాన్ని తన జాస్పర్‌లో చిన్న పతకంగా చేయించాడు. తెల్లని నేల, నల్లని బొమ్మ. వాటిని అమ్మలేదు, ఉచితంగా పంచాడు. 1788లో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కి కొన్ని పంపాడు. ఆడవాళ్లు వాటిని గాజుల్లో, జడపిన్నుల్లో పొదిగించుకున్నారు. ఫ్యాషన్ అంటే ఏంటో తెలిసినవాడు కాబట్టే, ఒక వాదన ఫ్యాషన్ ద్వారా ఎంత దూరం పోగలదో ఆయన ఊహించగలిగాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాటేయడం న్యాయం కాదు. ఆయన్ని ధనవంతుణ్ణి చేసిన టీ కప్పుల్లో కలిసే చక్కెర కరీబియన్ తోటల్లో బానిసలు పండించినదే. ఆయన సరుకు లివర్‌పూల్ ఓడరేవు మీదుగా వెళ్లేది, ఆ రేవు బతికిందే బానిస వ్యాపారం మీద. ఆ పతకం మీద ఉన్న మనిషి కూడా నిలబడి హక్కు అడుగుతున్నట్టు ఉండడు, మోకాళ్ల మీద ఉండి వేడుకుంటున్నట్టు ఉంటాడు. ఈ విమర్శ తర్వాతి కాలంలో గట్టిగానే వచ్చింది, సబబైన విమర్శే. అయినా, చదువు రానివాడికి కూడా ఒక్క చూపులో విషయం చెప్పిన ఆ చిన్న మట్టిబిళ్ల, ఆ ఉద్యమానికి గుర్తుగా మిగిలింది.

వెడ్జ్‌వుడ్ 1795 జనవరి 3న ఎట్రూరియాలో కన్నుమూశాడు. బ్రిటన్ పార్లమెంటు బానిస వ్యాపారాన్ని నిషేధించింది 1807లో. ఆయన కూతురు సుసన్నా కొడుకే చార్లెస్ డార్విన్.

బ్రోచర్ టీమ్‌లో ఉన్న మిత్రులకి ఈ కథ నుంచి ఒక్క మాట. వెడ్జ్‌వుడ్ కేటలాగ్ కాగితం మీద మొదలవలేదు. లెక్కల పుస్తకంలో మొదలైంది, తన సరుకు ఎవరికి ఎందుకు చేరాలో తేలాకే చెక్కేవాడి దగ్గరకి వెళ్లింది. బొమ్మలో చూపించింది ఫ్యాక్టరీ ప్రతిసారీ చేసి ఇవ్వగలిగింది కాబట్టే ఆ కాగితాన్ని జనం నమ్మారు. మనం వేసే బ్రోచర్‌లో కూడా, మనం నిజంగా చేసి చూపించగలిగిందే ఉంటే సగం పని అయిపోయినట్టే. ఫాంట్ గురించి తర్వాత కొట్టుకోవచ్చు.